గానము కానము కాకముందే

బెంగళూరులో ఉండేవాళ్ళు, చెన్నైలో ఉండేవాళ్ళు, సముద్రాలు దాటి పోయినవాళ్ళు, అత్తిముగం విడిచి ఎన్ని ఏండ్లయినా పండగపూట ఫోన్ చేసి తెలుగులోనే పలకరించేవాళ్ళు, అందరికీ ఈ మాట చేరాలని రాస్తున్నాను. కొంచెం కోపంగానే రాస్తున్నాను. ఆ కోపంలో ఎక్కువ భాగం నా మీదే.

సంగతి పుష్య బహుళ పంచమి నాడు మొదలైంది. త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి. తిరువయ్యారులో ఆరాధన జరిగే రోజు. ఆ పొద్దున పంచరత్న కీర్తనలు టీవీలో వస్తాయని నేను ముందుగానే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మనవరాలు హోసూరు నుంచి వచ్చి ఉంది. నాలుగేండ్లుగా సంగీతం నేర్చుకుంటూ ఉంది, గొంతు మంచిది, తాళం తప్పదు. తన పాటల నోట్సు తెచ్చి నా పక్కన కూర్చుని తెరిచింది.

నోట్సు నిండా తమిళ అక్షరాలు. అక్షరాల నెత్తిన చీమల్లాగా చిన్న చిన్న అంకెలు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా. తమిళ మాటలకు ఆ ఏర్పాటు చక్కగా సరిపోతుంది, మాటలో అక్షరం ఎక్కడ ఉందో చూస్తే పలుకు తెలిసిపోతుంది. తెలుగు మాటలకు, సంస్కృతం మాటలకు అది చాలదు. అందుకని సంగీతం పుస్తకాలు అచ్చువేసేవాళ్ళు అక్షరానికి 1, 2, 3, 4 అని గుర్తులు పెడతారు. 1 ఉంటే క, 3 ఉంటే గ. బడిలో తమిళం చదివిన పిల్లకు పాట నేర్పడానికి ఇది మంచి ఉపాయమే, కాదనను. కానీ రాసుకునేటప్పుడు ఒక్క అంకె మరిచిపోతే ఏమవుతుంది?

అదే అయింది. ఒక చోట వేలు పెట్టి అడిగింది.

"తాతా, కానము అంటే ఏమి?"

"ఎక్కడమ్మా?"

"ఇదో, ఇక్కడ."

చూస్తే అది గానము. అంకె వేయడం మరిచిపోయింది. గానము అంటే పాట. కానము అంటే మేము చూడము, మాకు కనబడదు అని అర్థం. ఒక్క అంకె జారిపోయేసరికి పాట కాస్తా కనబడకుండా పోయింది. పిల్ల నవ్వింది. నేనూ నవ్వినాను, కానీ నాకు లోపల నవ్వు రాలేదు.

ఇంతలో టీవీలో ఆరభి రాగ కీర్తన మొదలైంది, సాధించెనే. మూల గదిలో మంచం మీద మా అమ్మ పడుకుని ఉంది. ఆమెకు ఏ లిపీ రాదు, సంగీతం అసలే రాదు. గది లోపలి నుంచే, "ఎవుర్ని సాధిస్తా ఉండాడంట వాడు?" అని అడిగింది.

నాకు ఒళ్ళు జల్లుమంది. ఎందుకంటే ఆ పాట సంగతి అదే. తన మాట నెగ్గించుకున్న కృష్ణుణ్ణి తలుచుకుని, ప్రేమా నిష్ఠూరమూ కలిపి చెప్పుకునే పాట అది. మా ఇండ్లలో సాధించడం అంటే పరీక్షలో మార్కులు సాధించడం కాదు. పిల్లోడు మంకుపట్టు పట్టి అనుకున్నది చేయించుకుంటే సాధించినాడంటాము. అత్త కోడల్ని పొద్దంతా సతాయిస్తే సాధిస్తా ఉండాదంటాము. మా అమ్మకు ఆ ఒక్క మాటతో పాట గొంతు తెలిసిపోయింది. నాలుగేండ్లు పాఠం చెప్పించుకున్న నా మనవరాలికి అది తెలియదు. ఆమెకు రాగం తెలుసు, ఆరోహణ అవరోహణ తెలుసు, ఆది తాళం తెలుసు.

ఒకామెకు మాట ఉంది, పాట లేదు. ఇంకొకామెకు పాట ఉంది, మాట లేదు. ఇద్దరి నడుమ ఇద్దరినీ కలిపే అక్షరం ఉండాలి. ఆ అక్షరం ఇంటికి తెచ్చి ఉండవలసింది నా తరం. మేము తేలేదు.

తిరువయ్యారు సంగతి మీలో కొందరికి తెలుసు, కొందరికి తెలియదు. తంజావూరు నుంచి బస్సు ఎక్కితే గంట కూడా పట్టదు. వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, కావేరి అని దారిలో నదులు వరసగా వస్తాయి. ఐదు ఆరులు, అంటే ఐదు నదులు. ఊరి పేరు అందులోంచే వచ్చింది. కావేరి ఒడ్డున స్వామి సమాధి. ఆరాధన రోజుల్లో అక్కడ పందిరి వేస్తారు. పంచమి పొద్దున ఉంఛవృత్తి భజన వస్తుంది, సమాధికి అభిషేకం జరుగుతుంది, వేణువు మీద భైరవి రాగంలో ఒక కృతి వినిపిస్తారు. ఆ తర్వాత పంచరత్నాలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలో ఐదు కీర్తనలు, ఐదూ ఆది తాళమే. మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. సమాధి వైపు దారి విడిచి రెండు పక్కలా వరసలుగా కూర్చుని వందల మంది ఒక్క గొంతుగా పాడతారు. పేరున్న విద్వాంసుల పక్కనే నిన్న మొన్న నేర్చుకున్న పిల్లలు.

నేను అక్కడికి పోయి చాలా ఏండ్లయింది. నా పక్కన కుంభకోణం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. చేతిలో పాత పుస్తకం, అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంది. తమిళ అక్షరాలే, అంకెలతో. నేను తెలుగువాణ్ణని తెలిసి ఆయన ముఖం వెలిగింది. శ్రీరాగ కీర్తనలో ఒక చరణం తెరిచి, ఒక సమాసం మీద పెన్సిల్ పెట్టి, దీన్ని ఎక్కడ విరవాలి, అర్థం ఏమిటి అని అడిగినాడు. నేను నాలుగుసార్లు చూసినాను. తమిళ అక్షరాల్లో ఉన్న ఆ తెలుగు మాట నాకు కూడబలుక్కున్నా అందలేదు. తెలిసినట్టు ఏదో గొణిగినాను. ఆయన మర్యాద తెలిసిన మనిషి, తల ఊపి పుస్తకం మూసేసినాడు. ఆ పుస్తకం అంచుల్లో ఆయన సన్నగా రాసుకున్న అర్థాలు నేను చూసినాను. ఎవరెవరినో అడిగి రాసుకున్నవి. ఇంట్లో తెలుగు మాట్లాడని ఆయన అన్నేండ్లు అడిగి రాసుకున్నాడు. పొద్దున లేస్తే తెలుగు మాట్లాడే నేను ఒక్కనాడూ ఎవరినీ అడగలేదు.

అప్పటి నుంచి నాకు ఒక మాట వింటే ఇబ్బందిగా ఉంటుంది. పెండ్లిళ్ళలో, సంఘం మీటింగుల్లో మనవాళ్ళు చెప్పే మాట. "తమిళనాడంతా పాడేది మన తెలుగు పాటేనప్పా!" నిజమే. కానీ ఆ పాటను ఇంతదాకా తెచ్చింది ఎవరు?

త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టినారు. ఇంటిపేరు కాకర్ల. తెలుగు కుటుంబం, బతికింది తమిళ దేశంలో, తంజావూరును మరాఠా రాజులు ఏలిన కాలంలో. దానికి ముందు నాయక రాజుల కొలువులో తెలుగుకు పెద్దపీట వేసినారు కాబట్టి ఆ గడ్డ మీద తెలుగు పాట వింత కాదు. 1847 జనవరి 6న ఆయన సిద్ధి పొందినారు. ఆయన రాజుల కొలువుకు పోలేదు, పాటలను అచ్చు వేయించలేదు. శిష్యులు విని నేర్చుకున్నారు, రాసుకున్నారు. అలా రాసి పెట్టినవారిలో ముఖ్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతారు. ఆయన మాతృభాష తెలుగు కాదు, సౌరాష్ట్రం. ఆ వాలాజాపేట రాతప్రతులు ఈనాడు మదురైలో సౌరాష్ట్ర సభలో ఉన్నాయి.

స్వామి పోయిన తర్వాత శిష్యులు ఎవరి ఊళ్ళో వాళ్ళు ఆ తిథి జరుపుకుంటూ వచ్చినారు. కావేరి ఒడ్డున సమాధిని పట్టించుకునేవాళ్ళు లేక చుట్టూ పొదలు పెరిగినాయి. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతారు, సుందర భాగవతారు వచ్చి దాన్ని వెతికి పట్టుకుని బాగు చేయించినారు. వాళ్ళు స్వామి శిష్యులలో చివరిదాకా మిగిలినవాళ్ళు, తమిళులు. తర్వాత తిల్లైస్థానం అన్నదమ్ములు నరసింహ భాగవతారు, పంజు భాగవతారు ఉత్సవం నడిపించినారు. కొన్నాళ్ళకే జగడం వచ్చింది. పెరియ కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలు, రెండు ఉత్సవాలు. ఎన్ని విభేదాలున్నా ఒక్క విషయంలో రెండు వర్గాలూ ఒకటే. ఆడవాళ్ళు అక్కడ పాడకూడదు.

ఇక్కడ ఒక మనిషి గురించి నిదానంగా చెప్పాలి. ఆమె పేరులోనే మన పక్క ఊరు ఉంది. బెంగళూరు నాగరత్నమ్మ. హోసూరుకు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి పేరు ఆమెకు ఇంటిపేరైంది. 1878లో మైసూరు సీమలో నంజనగూడులో పుట్టింది. దేవదాసి కుటుంబం. కన్నడం, తెలుగు, సంస్కృతం చదువుకుంది. బెంగళూరులో, తర్వాత మద్రాసులో గాయనిగా గొప్ప పేరు తెచ్చుకుంది. 1921లో ఆమెకు గురువు బిడారం కృష్ణప్ప నుంచి జాబు వచ్చింది, స్వామి సమాధి పాడుబడి ఉందని. ఆమె కదిలింది. ఆ చుట్టూ స్థలం సంపాదించింది, తాను కూడబెట్టుకున్నది ఖర్చుపెట్టింది, నగలు అమ్మింది. 1921లోనే శంకుస్థాపన జరిగింది, 1926 జనవరి 7న గుడికి కుంభాభిషేకం జరిగింది.

గుడి కట్టించింది ఆమె, పాడడానికి మాత్రం ఆమెకు చోటు లేదు! ఆమె ఊరికే ఉండలేదు. ఆడవాళ్ళను కూడగట్టి సమాధి వెనక వైపు వేరే కచేరీలు పెట్టించింది. పెరియ కట్చి, చిన్న కట్చి, ఇప్పుడు పెణ్ కట్చి. ఎస్.వై.కృష్ణస్వామి అనే ఐసీఎస్ అధికారి, కొందరు విద్వాంసులు పూనుకున్నాక 1940లో మూడూ ఒకటైనాయి, త్యాగబ్రహ్మ మహోత్సవ సభ ఏర్పడింది. మరుసటి ఏడు, 1941లో, మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసిన ఉత్సవం జరిగింది. ఈనాడు మనం టీవీలో చూసే పంచరత్న సమూహగానం ఆ ఏర్పాటులోంచి వచ్చిందే. పూర్వకాలపు ఆచారం అనుకుంటాము కానీ దానికి ఇంకా నూరేండ్లు నిండలేదు. నాగరత్నమ్మ 1952లో పోయింది. ఆమె సమాధి కూడా అక్కడే, స్వామి సన్నిధికి ఎదురుగా ఉంది.

ఆమె సంగతి ఇంతవరకు చాలామంది చెప్తారు. నాకు అంతకంటే ముఖ్యమైనది 1910లో జరిగింది. తంజావూరు కొలువులో పద్దెనిమిదో శతాబ్దంలో ముద్దుపళని అనే కవయిత్రి రాధికా సాంత్వనము రాసింది. అప్పటికి అచ్చులో దొరికిన ప్రతి నాగరత్నమ్మకు చాలలేదు. రాతప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివి, వదిలేసిన పద్యాలు గుర్తుపట్టి, మొత్తం పుస్తకం మళ్ళీ అచ్చు వేయించింది. మరుసటి ఏడు సర్కారు దాని మీద చర్య తీసుకుంది, నిషేధం 1947 దాకా పోలేదు. అది వేరే కథ. నేను చెప్పేదేమంటే, త్యాగరాజస్వామికి గుడి కట్టడానికి పదేండ్ల ముందే ఆమె తెలుగు అక్షరాన్ని అక్షరం అక్షరంగా చదివిన మనిషి. ఎక్కడ ఏ మాట పోయిందో పట్టుకోగలిగిన మనిషి.

ఇప్పుడు లెక్క చూడండి. పాటలు రాసిపెట్టింది సౌరాష్ట్రం మాట్లాడే శిష్యుడు. సమాధి వెతికింది తమిళ శిష్యులు. గుడి కట్టింది మైసూరు సీమ దేవదాసి. ఏటేటా పందిరి వేసి, దారి చూపించి, అన్నం పెట్టేది తిరువయ్యారు జనం. ఈ వరసలో మన పేరు ఎక్కడుంది? మన భాషలో ఉంది కాబట్టి మన పాట అంటే సరిపోతుందా? తాత కొన్న పొలం పట్టా బీరువాలో పెట్టుకుని, ఒక్కనాడు దున్నక, రైతునని చెప్పుకున్నట్టు ఉంటుంది.

తెలుగునాట ఇలాంటి సభలు లేవా అని మన బెంగళూరు బావ అడిగినాడు. ఉన్నాయి. సముద్రం ఒడ్డున కాకినాడలో సరస్వతీ గాన సభ నూరేండ్లు దాటి నడుస్తోంది. అక్కడ పాడేవాళ్ళకు, వినేవాళ్ళకు, ముందు వరసలో కునుకు తీసే పెద్దాయనకు కూడా పాటలో మాట చెవిన పడగానే అర్థమవుతుంది. అది వాళ్ళ అదృష్టం. మన బతుకు అలాంటిది కాదు. మనది తిరువయ్యారు లాంటి బతుకు, చుట్టూ ఇంకో భాష, నడుమ మన మాట. ఇలాంటి చోట భాష గాలితో, నీళ్ళతో వచ్చి చేరదు. ఎవరో ఒకరు పూనుకుని నిలబెట్టాలి. అమెరికాలో క్లీవ్‌లాండులో 1978 నుంచి ఏటా త్యాగరాజ ఆరాధన చేస్తున్నారు. అక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో పాట రాసుకుంటారు. వాళ్ళ నోట్సుల్లోనూ ఇదే తంటా, ఇంకో వేషంలో. వరాళి కీర్తన పేరును ఇంగ్లీషులో కలిపి రాస్తే కనకం, బంగారం అనుకునే పిల్లలుంటారు. అది కన కన. చూడగా చూడగా ఇంపు అని. చూడడం అనే మాటే అక్కడ ఉంది. అది పోతే మిగిలేది, మళ్ళీ, కానము.

దీనికి మనవాళ్ళు రెండు జవాబులు చెప్తారు. రెండూ కొట్టిపారేసేవి కావు.

మొదటిది, సంగీతానికి మాటతో పని ఏముంది, రాగం చాలదా అని. చాలును, చాలామందికి చాలింది కూడా. తెలుగు రాని లక్షల మంది ఈ పాటలతో కన్నీళ్ళు పెట్టుకున్నారు, వాళ్ళ కన్నీళ్ళు తక్కువవి కావు. వేదిక మీద అంతా తెలుగు, సంస్కృతమే అయిపోయింది, మా భాషలో పాట వినాలని తమిళులు 1940లలో తమిళ ఇసై ఉద్యమం నడిపినారు. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో దానికి మహాసభ జరిగింది. ఆరాధన వర్గాలు కలిసిన ఏడే అది. ఆ ఉద్యమాన్ని మనవాళ్ళు కొందరు తెలుగు మీద కోపంగా చెప్పుకుంటారు. నాకు అలా అనిపించదు. పాట అర్థమైతే ఇంకా బాగుంటుందని వాళ్ళు అడిగినారు, దాని కోసం పని చేసినారు. మాట ముఖ్యమని వాళ్ళకు తెలిసింది. మాట మన చేతిలోనే ఉన్న మనము, రాగం చాలులే అనుకుంటే ఎట్లా?

రెండోది బడి సంగతి. ఇది నిజమైన బాధ. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు మన హోసూరు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. మొరసునాడు మూడు ముక్కలైంది. అయినా మన ఊళ్ళలో తెలుగు బళ్ళు ఉండినాయి. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికి ఒక తరగతి చొప్పున పెరిగి 2015-16కు పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. మనవాళ్ళు అడిగినారు, పోరాడినారు, కోర్టుకు పోయినారు. ఆ పోరాటం చేసినవాళ్ళకు నేను దండం పెడతాను.

కానీ ఇంటి సంగతి ఇంట్లో చెప్పుకోవాలి. నా పిల్లల చదువుకూ ఆ చట్టానికీ సంబంధం లేదు. వాళ్ళు బడికి పోయినప్పుడు ఆ చట్టం పుట్టలేదు. మా ఊరి బడిలో అయ్యవారు తెలుగు చెప్తూ ఉండినాడు. నేనే వాళ్ళను బస్సెక్కించి ఇంగ్లీషు బడికి పంపినాను. రెండో భాష ఏమి కావాలని అడిగితే తమిళం అని రాసినాను, ఉద్యోగానికి పనికొస్తుందని. అందులో తప్పు లేదు. ఈ గడ్డ మీద బతికేవాళ్ళకు తమిళం రావాలి, మంచిగా రావాలి. నేను చేసిన తప్పు, ఇంట్లో సాయంత్రం అరగంట కూర్చోబెట్టి అ ఆ లు దిద్దించకపోవడం. దాన్ని ఏ చట్టమూ ఆపలేదు. ఏ సర్కారూ మా ఇంటి వసారాలోకి వచ్చి పలక లాక్కోలేదు. నా పిల్లలకు రాలేదు కాబట్టి వాళ్ళ పిల్లలకు చెప్పేవాళ్ళు లేరు. అంతే కథ.

మాట్లాడతారు కదా, అది చాలదా అంటారు. మాట్లాడే భాష మనిషితో పోతుంది. మా అమ్మకు తెలిసిన మాటలు ఎన్నో నాకు తెలియవు. నాకు తెలిసినవి నా కొడుక్కు తెలియవు. దుడుకు అనే మాట తీసుకోండి, గౌళ రాగ కీర్తన పేరులో ఉన్నదే. మా ఇంట్లో ఆగకుండా దూకే పిల్లవాణ్ణి "దుడుకోడు" అనేవాళ్ళు. నన్నే అన్నారు ఎన్నోసార్లు. స్వామి ఆ పాటలో తన తప్పులన్నీ ఒకటొకటిగా చెప్పుకుంటూ, ఇన్ని దుడుకు పనులు చేసిన నన్ను ఏ దొర కాపాడతాడు అని బాధపడతాడు. నాకు తెలిసిన దుడుకే ఆయన దుడుకు! ఆయన రాసింది రాజుల కొలువు భాష కాదు, ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. రాముడితో జగడమాడేటప్పుడు ఇంట్లో మనిషితో ఆడినట్టే ఆడతాడు. సముద్రాల అవతల అర్థాలు వెతుక్కునేవాళ్ళకు నిఘంటువు కావాలి. మనకు నిఘంటువు మూల గదిలో మంచం మీద ఉంది. కానీ ఎన్నాళ్ళుంటుంది?

అందుకని నేను అడిగేది పెద్దదేమీ కాదు. అత్తిముగంలో ఆరాధన ఉత్సవం పెడదాము, చందాలు వసూలు చేద్దాము, బ్యానర్ కట్టిద్దాము అనడం లేదు. ఉత్సవం పెట్టేవాళ్ళకు కొదవ లేదు. రెండు మూడేండ్లు జరిగినాక అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరని మనలోనూ పెరియ కట్చి, చిన్న కట్చి తయారవుతాయి, నాకు మన సంగతి తెలుసు.

నేను అడిగేది ఇది. ఒక్కొక్క ఇల్లు ఏడాదికి ఒక్క కీర్తన తీసుకోవాలి. పంచరత్నాలే కానక్కర లేదు, చిన్న కీర్తన చాలు. పాడడం వచ్చినవాళ్ళు పాడండి, రానివాళ్ళు చదవండి. కానీ దాన్ని తెలుగు అక్షరాల్లో పిల్లల చేత రాయించండి, చేత్తో, ఫోన్లో కాదు. అక్షరాలు రాకపోతే ఆ ఒక్క పాటకు కావలసిన అక్షరాలే ముందు నేర్పండి. ఒక చిన్న కీర్తన రాసేసరికి సగం వర్ణమాల దానంతట అదే వస్తుంది, నేను చేసి చూసినాను. రాసినాక ఆ నోట్సు పట్టుకుని ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. ఒక్కొక్క మాట అడగండి. ఈ మాట మన ఇంట్లో ఎప్పుడు వాడతారు, ఎవరిని అంటారు అని అడగండి. వాళ్ళు చెప్పింది అంచులో రాసుకోండి, కుంభకోణం పెద్దాయన రాసుకున్నట్టు. పెద్దవాళ్ళకు తెలియని సంస్కృతం మాట వస్తే తెలిసినవాళ్ళను అడుగుదాము, సిగ్గేమీ లేదు.

తమిళ అక్షరాల నోట్సు పారేయమని నేను చెప్పడం లేదు. ఆ అంకెల పద్ధతి కనిపెట్టినవాళ్ళు మన పాటకు చేసిన మేలు మనం కూడా చేయలేదు. అది ఒక పక్క ఉండనీ. ఎదురు పేజీలో తెలుగు ఉండాలి, అంతే. మన పిల్లలకు రెండూ చదవడం వస్తే, ఆ పెద్దాయన లాంటివాళ్ళు రేపు వేలు పెట్టి అడిగినప్పుడు వాళ్ళు నాలాగా గొణగరు, జవాబు చెప్తారు.

మా ఇంట్లో మొదలైంది. మనవరాలు ఆదివారం వచ్చినప్పుడల్లా ఒక గంట నాతో కూర్చుంటుంది. మొదటి రోజు క, గ పక్కపక్కన రాయించినాను. "రెండిటికీ ఇంత తేడా ఉంటే అంకె ఎందుకు తాతా" అంది. ఇప్పుడు సాధించెనే పల్లవి దాకా వచ్చింది. రాసింది తీసుకుపోయి మా అమ్మ మంచం పక్కన కూర్చుని చదివి వినిపిస్తుంది. మా అమ్మకు అర్థం చెప్పడం కంటే ఆ మాట మీద కథ చెప్పడం ఇష్టం. ఎవరు ఎవరిని సాధించినారో, ఏ పెండ్లిలో సాధించినారో, అవన్నీ వస్తాయి. పిల్ల వాటిని కూడా రాసుకుంటోంది. తప్పులున్నాయి, ఒత్తులు జారిపోతాయి. ఉండనీ.

వచ్చే పుష్య బహుళ పంచమికి మన పాత ఇంటి వసారాలో పొద్దున ఎనిమిదికి కూర్చుందాము. పందిరి లేదు, మైకు లేదు. చాప, టీవీ, కాఫీ ఉంటాయి. వచ్చేవాళ్ళు మీ ఇంటి కీర్తన నోట్సు తెచ్చుకోండి. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ముందు చదువుతారు, తర్వాత పాడతారు. మధ్యాహ్నం భోజనం ఇక్కడే. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు ఎంతమందో ఒక వారం ముందే చెప్పండి, బియ్యం నానబెట్టుకోవాలి. రాలేనివాళ్ళు మీ ఇంట్లోనే ఆ పొద్దు ఒక్క కీర్తన చదవండి. మా అమ్మకు ఎనభై ఎనిమిది. మీ ఇండ్లలో పెద్దవాళ్ళకు ఎంతో మీకే తెలుసు. వచ్చే ఏడు అడుగుదాములే అనుకోవద్దు.